చూడకుండా వేసిన మార్కులు

ఆ తల్లి అడిగిన ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. తెలిసీ చెప్పలేదు. పైగా ఇంకో జవాబు చెప్పాను. దాన్ని సరిచేయడానికే ఇది రాస్తున్నాను.

నేను ఉద్దానంలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. ఒక్క పబ్లిక్ పరీక్షే చదువును తేల్చకూడదని, పిల్లలను ఏడాది పొడవునా గమనించాలని నిరంతర మూల్యాంకనం పెట్టారు. ఏడాదికి నాలుగుసార్లు. ప్రతిసారీ నాలుగు గడులు: తరగతిలో పాల్గొనడం, నోట్సు, ప్రాజెక్టు, స్లిప్ టెస్టు. ఒక్కొక్కటీ విడిగా చూసి మార్కులు వేసి, చివర కూడాలి. నేను తలకిందులుగా చేసేవాణ్ణి. పిల్ల ముఖం గుర్తు తెచ్చుకుని ముందు మొత్తం వేసేసి, తర్వాత దాన్ని నాలుగు గడుల్లోకి సర్దేవాణ్ణి. మార్కులు తక్కువైతే సంజాయిషీ రాయాలి. ఎక్కువైతే ఎవరూ అడగరు.

ఆ అమ్మాయి పదో తరగతి. తండ్రికి కిడ్నీలు పాడై వారానికి రెండుసార్లు పలాసలో డయాలసిస్. తల్లి కాశీబుగ్గలో జీడిపప్పు పనికి పోతుంది కాబట్టి తండ్రి వెంట ఈ పిల్లే వెళ్ళేది. నేను స్లిప్ టెస్టు పెట్టిన నాలుగు రోజుల్లో మూడు రోజులు ఆమె బడిలో లేదు. మర్నాడు పిలిచి రెండు లెక్కలు చేయించి ఉంటే సరిపోయేది. గంట పని కూడా కాదు. చేతిరాత శుభ్రంగా ఉండేది, ఎదురు మాట్లాడేది కాదు. స్లిప్ టెస్టు గడిలో ఇరవైకి పదహారు వేశాను. మూడుసార్లూ.

డిసెంబరులో వెనకబడిన వాళ్ళకు పొద్దున్నే ప్రత్యేక తరగతి మొదలుపెట్టాం. జాబితా ఆ మార్కుల నుంచే తీశాం. అందులో ఆమె పేరు లేదు. వరండాలో నన్ను ఆపింది.

"సార్, పొద్దున్న క్లాసుకి నేనూ వొత్తాను సార్."

"నీకెందుకమ్మా? నీ మార్కులు బాగానే ఉన్నాయి కదా."

"త్రికోణమితి నాకేటీ తెల్దు సార్."

పక్కనున్న స్నేహితురాలు పకపకా నవ్వింది. "ఓలమ్మా! పదారు తెచ్చీసుకుని ఏటీ తెల్దంట! సూడండి సార్, దీని నాటకాలు."

నేనూ నవ్వాను. జాబితాలో చేరిస్తే ఆ పదహారు ఎలా వచ్చిందో చెప్పాల్సి వస్తుందని ఆ క్షణంలోనే తట్టింది. తట్టలేదని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను.

పబ్లిక్ పరీక్షలో ఆమె లెక్కల్లో తప్పింది. ఫలితాలొచ్చిన వారానికి తల్లి ఒక చేత్తో ప్రోగ్రెస్ కార్డు, ఇంకో చేత్తో కూతురి రెక్క పట్టుకుని బడికొచ్చింది.

"మేస్టారూ, ఏడాదంతా మంచి మార్కులే కదండీ. ఆకర్ని దీనికేటైపోనాది? ఫోనేటి? ఎవుడైనా ఉన్నాడేటి? మీకు తెల్లీకుండా ఉంటాదా?"

"నేనేటీ సెయ్యలేదే అమ్మా," అంది పిల్ల.

"నోరుముయ్యి. కార్డు అబద్దమాడతాదేటి?"

ఇద్దరూ నా వైపు చూశారు. "చివర్లో కాస్త అశ్రద్ధ చేసినట్టుందమ్మా," అన్నాను.

ఆ మాట చాలింది. ఫోను లాక్కున్నారు. సప్లిమెంటరీ రాయనివ్వలేదు. పిల్ల ఎవడితోనో తిరిగి పాడైందని ఊళ్ళో పుకారు పుట్టింది. తల్లి తనతోపాటే జీడిపప్పు పనికి తీసుకుపోయింది.

నాకు నిద్ర పట్టలేదని, తిండి సయించలేదని రాస్తే అబద్ధమవుతుంది. తిన్నాను, పడుకున్నాను, మరుసటి ఏడాదీ అలాగే మార్కులు సర్దాను. మొన్నామధ్య టెక్కలి బస్టాండులో ఆనాటి స్నేహితురాలు కనిపించింది. ఇంటర్ చదువుతోందట. "అది మళ్ళీ రాయనంతంది సార్. నాకు బుర్ర లేదే, సారు అన్ని మార్కులేసినా పాసవ్వలేకపోనాను అంతాది," అంది. బస్సు వచ్చింది, ఎక్కి వెళ్ళిపోయింది. నేను ఎక్కాల్సిన బస్సు కూడా అదే. ఎక్కలేకపోయాను.

తర్వాత రెండుసార్లు వాళ్ళ వీధి దాకా వెళ్ళి తిరిగొచ్చేశాను. మూడోసారి వెళ్ళే ముందు, నేను చేసింది కాగితం మీద రాసి ప్రధానోపాధ్యాయుడికి ఇచ్చాను, ఇక వెనక్కి రావడానికి దారి ఉండకూడదని.

ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. తండ్రి నులకమంచం మీద పడుకుని ఉన్నాడు. హాజరుపట్టీ, మార్కుల రిజిస్టరు పక్కపక్కన పెట్టి తీసిన ఫొటో ఫోన్లో తల్లికి చూపించాను. ఈ మూడు రోజులూ పిల్ల బడికే రాలేదు, అయినా ఇక్కడ పదహారు ఉంది, ఇది నేనే వేశాను అని చెప్పాను.

ఆమెకు అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు.

"పరీచ్చ రాయకుండానే పాస్ సేసీసినారు! అలాగే ఈయన్నీ ఓపాలి పాస్ సేసీండి మేస్టారూ. పలాస తిరగడం తప్పుతాది."

మంచం మీది మనిషి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పిల్ల గుమ్మంలో నిలబడి ఉంది. జీడి రసానికి వేళ్ళ కొసలు నల్లబడ్డాయి. ఆమే అడిగింది.

"అంటే నాకు బుర్ర లేక కాదా సార్?"

"కాదమ్మా. నీకేం వచ్చో, ఏం రాదో నేనెప్పుడూ చూడలేదు. చూసినట్టు రాశాను. రాదని నువ్వే వచ్చి చెప్పినా వినలేదు. మీ అమ్మ అడిగినప్పుడు నా తప్పు నీ మీదికి నెట్టేశాను. నువ్వేమీ చెయ్యలేదు. నన్ను క్షమించు," అన్నాను, వాళ్ళమ్మకూ పక్కింటివాళ్ళకూ వినబడేలా.