కొత్తలకు ముందు కోసిన కాయ

2009లో చర్ల అడవిదారిలో, ఎవరి సాయమూ తీసుకోకూడదనే దూరపు సైకిల్ పందెంలో ఉన్నాను. ఒక కోయ పెద్దమ్మ తన ఇంటి ముందు అంబలి ఇవ్వబోతే నియమం చెప్పి వద్దన్నాను. ఆమె లోపలికెళ్లగానే ఆకలికి ఆగలేక, ఆమె చెట్టు మామిడికాయ తెంపి కొరికాను.

తిరిగొచ్చిన ఆమె నా చేతిలోని కాయను చూసింది.

“ఇస్తే వద్దంటివి, గిదేంది సారూ? కొత్తల పండుగ కాలే. దేవతకు పెట్టంది మా పోరగాండ్లను గూడ ముట్టనియ్యలే!”

నోట్లోని ముక్కను మింగేశాను. “మరి ఇప్పుడెట్లా?” అన్నాను.

“మా తిప్పలు మేం పడతం. నువ్ జల్దీ పో, పందెం పోతది.”

పందెం ముగిశాక, దారిలో ఎవరిదీ ముట్టలేదని మైకులో చెప్పాను. చప్పట్లు కొట్టారు. నిజం ఇది: ఆ ఏడు ఆమె చెట్టు తొలికాయను దేవతకన్నా, పిల్లలకన్నా ముందు నేనే తిన్నాను.