ఒలకని సాంబారు

పెట్రోల్ ధరకి భయపడి ఎవరో వదిలించుకున్న అరవై తొమ్మిది మోడల్, పెద్ద ఇంజన్ మజిల్ కార్‌ని కొని, పదిహేనేళ్ల తుప్పు వదిలించి రోడ్డెక్కించాను. కొత్తరకం డిస్క్ బ్రేకులు వేయిస్తే దాని అసలుతనం పోతుందని పాత డ్రమ్ బ్రేకులే ఉంచాను.

ఈ రోజు అందులోనే ఐసెలిన్ ఊళ్లో స్నేహితులింటికి, తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్ విందుకి వెళ్లాం. మా ఆవిడ ఒళ్లో సాంబారు గిన్నె. ఎన్ని సిగ్నల్స్ దగ్గర ఆపినా చుక్క ఒలకలేదు.

"చూశావా, బ్రేకులకేం?" అన్నాను దిగుతూ.

"మీరు బ్రేక్ తొక్కినప్పుడల్లా కార్ ఎడమకి లాగుతోంది. సాంబార్ కుడికి పొర్లకుండా గిన్నె ఎడమకి వంచి పట్టుకుంటున్నా. అలవాటైపోయిందిలెండి," అంది.

అందరూ సాంబారు మెచ్చుకున్నారు. నేను మాత్రం ఇంటికొచ్చినప్పటి నుంచి గరాజ్‌లోకీ వంటింట్లోకీ తిరుగుతూనే ఉన్నాను.

మీ పంతానికి మీ ఇంట్లో గిన్నె వంచి పట్టుకుంటున్నది ఎవరో, ఎప్పుడైనా అడిగి చూశారా?