హూడి బస్సులో చివరి అధ్యాయం

వలసపోయినవాళ్ల మీద వచ్చిన ఓ కొత్త నవలకు సమీక్ష ఆ సాయంత్రానికల్లా పంపాలి. చివరి అధ్యాయం మిగిలింది. బెంగళూరు బస్సులో చదువుకోవడానికి కావలసినంత సమయం దొరుకుతుందనుకున్నాను. మహదేవపుర దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం కూడా. కానీ పక్క సీటు పెద్దాయన చదవనిస్తేనా!

"తెలుగు పుస్తకమా? గట్టిగా చదువప్పా. మాకు మాట్లాడేకి వస్తాది, చదివేకి రాదు. బడిలో అంతా కన్నడమే."

తరతరాలుగా బెంగళూరు పక్కనే ఆనేకల్‌లో ఉంటున్నా ఇంట్లో తెలుగేనట. తెలుగు పుస్తకం వినడం మాత్రం ఇదే మొదటిసారట. కాదనలేక చదివాను. 'ఈ ఊరి వాన కూడా నాది కాదు' అనే వాక్యం నాకు నచ్చి గీత గీసుకున్నది. ఆయన అక్కడే ఆపాడు.

"ఎన్నేండ్లుండాడప్పా ఆయప్ప ఆ ఊర్లో?"

"ముప్పై."

"ముప్పై ఏండ్లు తడిసినాడు, ఇంకా నాది కాదంటాడా?"

"నవలంతా అదేనండీ!" అని విసుక్కున్నాను.

కథానాయకుడు సొంతూరి రైలెక్కాలా వద్దా అని ప్లాట్‌ఫారం మీద తటపటాయిస్తుండగా హూడి స్టాపు వచ్చింది. కూతురింటికి వెళ్తున్న పెద్దాయన దిగాల్సింది అక్కడే. లేవలేదు. బస్సు కదిలాక కూతురు ఫోన్ చేసింది, అన్నం చల్లారిపోతోందని.

"వస్తా ఉండానమ్మా," అన్నాడాయన. "ఈడొకాయప్ప ఇంటికి పోవాల్నా వద్దా అని నిలబడుకోని ఉండాడు. మొదలు ఆయప్ప సంగతి తేలనీ."