పాలనరం చూసి కొన్న ఆవు

మా నాన్న ఆవును వెనకనుంచి చూసేవాడు. గజపతినగరం సంతలో అందరూ రంగూ కొమ్ములూ చూసి బేరాలాడుతుంటే, ఆయన వెనక్కి వెళ్లి గొంతుక్కూర్చునేవాడు. తుంటి ఎముకల మధ్య ఎడం ఉండాలి. తోలు పలచగా ఉండాలి. పొట్ట కింద పొదుగు వైపు సాగే పాలనరం లావుగా, వంకర్లు తిరిగి ఉంటే పాలు మెండు. పాలు తీశాక పొదుగు ఖాళీ గుడ్డసంచిలా ముడుచుకోవాలి. ముడుచుకోకపోతే అది వట్టి కండ. గరివిడి చుట్టుపక్కల ఆవు కొనేవాళ్లంతా ఆయన్ని వెంటబెట్టుకునే వెళ్లేవారు.

జూటుమిల్లులో నా పని పోయాక నాకోసం ఒక ఆవును ఎంచాడు. నల్లమచ్చల సంకరజాతిది, మూడో చూలు.

"ఇలాటి నరం నేనెప్పుడూ సూళ్లేదమ్మా," అన్నాడు తోలుకొస్తూ.

అది అనుకున్నదానికంటే ముందే ఈనింది. ఆ రోజు నాన్న అరసవల్లి మొక్కుకు వెళ్లి, అక్కడే మా మేనత్త ఇంట్లో ఉండిపోయాడు. పొదుగు రాయిలా బిగిసి పాలు కారిపోతున్నాయి. దానికి బరువు తగ్గుతుందని ఆఖరి చుక్క దాకా తీసేశాను. జున్ను వండి వీధంతా పంచాను.

మర్నాడు ఆవు లేవలేదు. మెడ డొక్కవైపు తిప్పుకుని పడి ఉంది. అప్పుడే బస్సు దిగి వచ్చిన నాన్న దాని చెవి పట్టుకున్నాడు. చల్లగా ఉంది.

"నిన్న మొత్తం తీసీసినావేటి?"

"బరువుగా ఉందని తీసీసినాను నానా."

పశువుల డాక్టరు ఎక్కడో దూరం ఊళ్లో ఉన్నాడు. ఆయన వచ్చి నరానికి మందు సీసా పెట్టాడు గానీ, అది సగం ఎక్కకముందే ఊపిరి ఆగిపోయింది.

"పాలెక్కువిచ్చే ఆవులకే వస్తాది ఇది. ఒంట్లో కాల్షియమంతా పాలల్లోకి పోతాది. ఈనిన రోజు మొత్తం తియ్యకూడదు," అన్నాడు డాక్టరు.

"నాకు తెల్సు బాబూ. నా కూతురికే సెప్పకుండా పోనాను," అన్నాడు నాన్న.

గోతిలోకి దించేటప్పుడు చూశాను. పొదుగు మళ్లీ నిండి ఉంది.

దూడకు పక్కింటి గేదె పాలు సీసాతో పట్టేదాన్ని. ఒకరోజు అలా పడుతుంటే, సంతకు రమ్మని ఎవరో నాన్నను పిలవడానికొచ్చారు.

"కళ్లు ఆనట్లేదురా, ఇంకెవర్నయినా తీసుకెళ్లండి," అన్నాడు అరుగు మీదనుంచి.

వాళ్లు వెళ్లిపోయాక పేపరు విప్పి చదువుకున్నాడు. నేను దూడ దగ్గరే ఉండిపోయాను.