బోనం కుండ మీద స్పీకరు

మా చిన్నప్పుడు జనగామలో మా రేకుల ఇంట్లో టీవీ ఉండేది కానీ, టీవీలో మాట ఉండేది కాదు… గరగరమని ఒకటే మోత. లోపలి స్పీకరు ఎప్పుడో చిరిగిపోయింది. పైన వాన పడిందంటే ఇక బొమ్మ చూసుకోవడమే.

నాకూ అక్కకూ అదేం పెద్ద కష్టం కాదు. సగం వినపడితే మిగతా సగం మేమే కల్పించుకునేవాళ్లం. కష్టమంతా బాపుకే. రైసుమిల్లులో మిషను దగ్గర పని ఆయనది. ఏళ్ల తరబడి ఆ మోతలో నిలబడి నిలబడి చెవులు మందగించాయి. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, కానీ ఎవరం పైకి అనేవాళ్లం కాదు. బాపు అసలే ఒప్పుకునేవాడు కాదు.

పని నుంచి వచ్చి, ఒంటికి పట్టిన తవుడు కడుక్కుని, మంచంలో కూర్చుని టీవీ వైపు చూసేవాడు. మేం నవ్వాక నవ్వేవాడు… కొంచెం ఆలస్యంగా. ఆ నవ్వు చూస్తే నా ప్రాణం ఉసూరుమనేది.

కొత్త టీవీ మాట ఎత్తే పరిస్థితి లేదు. అప్పుడు రంగంలోకి దిగాడు బాపు తమ్ముడు, మా సాయిలు చిన్నాయిన. ఆటో నడిపేవాడు. ఆటోలో పాటలు పెడితే వీధి వీధంతా అదరాల్సిందే. ఒకనాడు సాయంత్రం ఆటోలోంచి విప్పిన పాత స్పీకరు పట్టుకొచ్చి, టీవీ వెనక నుంచి వైరు లాగి తగిలించాడు. తర్వాత చుట్టూ చూసి అడిగాడు…

"వదినె, కుండ ఉన్నదా?"

మా వైపు అప్పట్లో అదే విద్య. స్పీకరును కుండ మూతి మీద బోర్లిస్తే శబ్దం గుమ్మని వస్తుంది. పెట్టె కొనలేని ఇళ్లన్నిట్లో కుండే పెట్టె. కానీ మా ఇంట్లో అప్పుడున్న కొత్త కుండ ఒక్కటే… ఎల్లమ్మ బోనానికని అమ్మ తెచ్చి మూలన భద్రంగా పెట్టుకున్నది. చిన్నాయిన దాని మీద చెయ్యి వేశాడో లేదో, అమ్మ పొయ్యి దగ్గర నుంచి పరుగున వచ్చింది.

"గది బోనం కుండ సాయిలూ! నీ పాటలకు తెచ్చింది కాదు. పెట్టు కింద!"

"ఎల్లమ్మకు ఇంకోటి తెద్దాం తియ్ వదినె. అన్నకు ఇనవడాలె గద…"

ఆ మాట మా ఇంట్లో పైకి అన్న మొదటి మనిషి చిన్నాయినే. బాపు తల వంచుకుని లుంగీ అంచు సర్దుకున్నాడు. అమ్మ ఆయన్ని చూసింది, కుండను చూసింది… కళ్లకద్దుకుని ఇచ్చేసింది.

అబ్బ, ఏం శబ్దం! దరువు పడితే తలుపు గొళ్లెం ఊగేది. పక్కిళ్ల వాళ్లు వచ్చి గడప దగ్గర కూర్చుని "టాకీస్ల ఉన్నట్టే ఉన్నది" అన్నారు. చిన్నాయిన మీసం మెలేశాడు.

"ఎట్లున్నదే అన్నా?"

"మస్తున్నది రా" అన్నాడు బాపు.

మేమూ నమ్మాం. నమ్మాలని ఉండె కదా మరి…

ఆ ఆదివారం టీవీలో సినిమా. ఇల్లంతా జనం, వెనక మంచంలో ఉన్న బాపుకు తలలే తప్ప బొమ్మ కనపడలేదు. కథలో తల్లి చనిపోయే ఘట్టం వచ్చింది. ఆడవాళ్లంతా కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు, భుజాలు కదులుతున్నాయి. బాపు వాళ్లని చూశాడు. ఏదో నవ్వులాట అనుకున్నాడు పాపం… పెద్దగా నవ్వేశాడు.

అందరూ వెనక్కి తిరిగారు. బాపుకు వాళ్ల కళ్లల్లో నీళ్లు కనపడ్డాయి. నవ్వు సగంలోనే ఆగిపోయింది. "నీళ్లు తాగొస్త" అని గొణిగి వాకిట్లోకి వెళ్లిపోయాడు. జనం ఒక్కొక్కరే లేచి పోయారు. ఆయన మాత్రం చాలాసేపు లోపలికి రాలేదు.

"మోతయితే పెంచినవ్ సాయిలూ… మాటేదిరా?" అంది అమ్మ.

మర్నాడు అమ్మ స్పీకరును కుండ మీంచి తీయించింది. బాపు మంచం పక్కన స్టూలేసి, ఆయన చెవికి ఎదురుగా నిలబెట్టింది. రేకుల కింద ఏ మాటైనా నాలుగు గోడలకూ తగిలి చెదిరిపోయేది. అందుకని వెనక దండెం మీద ఇంట్లో ఉన్న బొంతలన్నీ వేలాడదీసింది. మాకు ఆ శబ్దం చప్పగా అనిపించింది. దరువు లేదు, ఊపు లేదు. అక్క మూతి ముడుచుకుంది.

వార్తలు వస్తున్నాయి. బాపు చెవి స్పీకరు వైపు వంచాడు. తర్వాత మెల్లగా అన్నాడు…

"గీమె గొంతు గింత సన్నగుంటదా?"

ఆ వార్తలు చదివే ఆమె ఆయన రోజూ చూస్తున్న మనిషే. అమ్మ అటు తిరిగి కొంగుతో ముఖం తుడుచుకుంది. నాకూ ఏడుపొచ్చింది.

అంతటితో చెవులు బాగైపోలేదు. కానీ దాచుకోవడం పోయింది. అందని మాట ఉంటే "ఏమన్నడు బిడ్డా?" అని అడిగేవాడు. పక్కన ఎవరుంటే వాళ్లు చెప్పేవాళ్లం. ఆ లోపు కథ ముందుకు పోయేది, ఆ ముక్క మిగిలిన వాళ్లను అడిగి కలుపుకునేవాళ్లం. ఒక్క సినిమా కూడా సాంతం వినలేదు మేం… అయినా ఏ లోటూ తెలియలేదు.

బాపు పోయి చాలా కాలమైంది. నేనిప్పుడు భూపాలపల్లిలో ఉంటున్నాను. కొత్త టీవీ పలకలా సన్నగా ఉంది, స్పీకర్లు వెనక ఉండి శబ్దమంతా గోడకే చెబుతుంది. మొన్న ఉన్నంతలో టీవీ కింద పెట్టే పొడుగు స్పీకరు, ఒక చిన్న సౌండ్‌బార్ కొన్నాను. డ్యూటీ దిగి వచ్చి, ఒళ్లు సహకరించకపోయినా వైర్లన్నీ నేనే బిగించాను. గుసగుస కూడా స్పష్టంగా వినపడుతోంది. ఉండబట్టలేక ఇంట్లో వాళ్లని పిలిచాను. కొడుకు చెవుల్లో వాడి ఇయర్‌ఫోన్లు, బిడ్డ చెవుల్లో దాని ఇయర్‌ఫోన్లు, మా ఆవిడ ఫోనులో ఆమె సీరియల్… మళ్లీ పిలిచే ఓపిక లేక ఒక్కణ్నే కూర్చున్నాను.

అప్పుడు ఒక్కరికి వినపడకపోతే ఇల్లంతా ఆగేది. ఇప్పుడు అందరికీ బాగా వినపడుతుంది… ఎవరి కోసం ఎవరూ ఆగాల్సిన పని లేదు.

మీ ఇంట్లో కూడా టీవీ ముందు పక్కన కూర్చుని మాట అందించినవాళ్లు ఉండే ఉంటారు… ఎవరో చెప్పండి. తీరిగ్గా చదువుకుంటాను.