అక్క కోరపన్ను

ఆ వీధి పళ్ళ డాక్టరుకి నిదానస్తుడని పేరు. ఎవరు దవడ పట్టుకుని వచ్చినా, ముందు దూదితో ఐసుముక్క పట్టి పంటికి ఆనిస్తాడు. జివ్వుమంటే ఆ పన్ను బతికే ఉంది, ఇక డ్రిల్లు ముట్టుకోడు. ఇరవై ఏళ్ళుగా అదే పద్ధతి. అలాంటి మనిషి సొంత అక్క దగ్గరకొచ్చేసరికి ఐసు సంగతే మరిచాడు. ఏం చెప్పాలి!

అక్కంటే అతనికి తల్లి తర్వాత తల్లి. చంకనేసుకుని పెంచింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని లోకమంటుంది గానీ, ఆవిడ తలనొప్పికి కూడా తమ్ముడినే అడుగుతుంది. ఒకరోజు ముక్కు పక్కన ఉసిరికాయంత వాపుతో వచ్చింది. సరిగ్గా దాని కిందే కోరపన్ను. ఇంటిమనిషికి పరీక్షలేమిటన్న ధీమాతో, వేరులో చీము పట్టిందని తేల్చేశాడు. మత్తుసూది వేసి రూట్ కెనాల్ మొదలుపెట్టి, మూడుసార్లు రప్పించి ముగించాడు. మందులకి వాపు కాస్త తగ్గి, నెల తిరక్కుండా మళ్ళీ లేచింది. ఈసారి ముక్కురంధ్రం సగం మూసుకుపోయింది.

పాడుజబ్బేమోనని అతనికి గుండె జారిపోయింది. పెద్దాసుపత్రికి తీసుకెళ్తే, అక్కడి సర్జనమ్మ ఒక వేలు పెదవి లోపల, ఒక వేలు ముక్కులో పెట్టి వాపు నొక్కి చూసింది, స్కాను తీయించింది. మెత్తని కండలో ఊరిన నీటితిత్తి అట. పంటికీ ఎముకకీ సంబంధం లేదు, ప్రాణానికి భయం లేదు. మరి ఈ పన్నుకి రూట్ కెనాల్ ఎందుకు చేశారని మాత్రం అడిగింది. పెదవి లోపలినుంచి కోసి తిత్తిని మొత్తంగా తీసేశారు. పైకి గాటు కూడా కనబడదు.

తమ్ముడు ముందే ఆ పన్ను సంగతి చూడబట్టి ముఖం దక్కిందని అక్క చూడవచ్చిన వాళ్ళందరికీ చెప్పుకుంది. విన్నప్పుడల్లా ఇతను సిగ్గుతో చచ్చిపోయేవాడు. నిజం చెబితే అక్క ముందు చులకనైపోతానని భయం, చెప్పకపోతే ముద్ద దిగదు. చివరికి కుట్లు చూసే నెపంతో అక్క ఇంటికి వెళ్ళి, తలుపు దగ్గరకేసి కక్కేశాడు. బంగారంలాంటి పన్నుని చేజేతులా చంపానని, అందరికీ చేసే పరీక్ష నీకు చేయలేదని.

అక్క పెదవి తడుముకుంది.

"తెలుసురా. ఆ పన్ను నాకు ఒక్కరోజూ నొప్పెట్టలేదు."

"మరి అప్పుడే చెప్పలేదేం అక్కా?"

"నీ గది బయట బెంచీ మీద జనం ఉన్నారు. నీకు తెలీదని వాళ్ళ చెవిన పడేలా నేనే అనాలా?"

"మూడుసార్లు వచ్చావు కదక్కా."

"మూడుసార్లూ జనం ఉన్నార్రా."