ఒడి నిండా తుమ్మాకు

నా చిన్నప్పుడు, వరసగా రెండేళ్లు వానలు లేక బావులు అడుగంటిన కాలంలో, మా అమ్మ పోయింది. నాయన రైలు కట్ట పనికని గుంతకల్లు వెళ్తూ నన్ను చిన్నాయన ఇంట్లో వదిలిపెట్టాడు. వాళ్లు నాకు తిండికి లోటు చేయలేదు. కానీ నాతో ఎవరూ ఒక్క మాటైనా మాట్లాడకుండానే పొద్దు గూకిన రోజులు చాలా ఉండేవి. అమ్మ పెంచిన మేక ఒకటి నా వెంట వచ్చింది. చెప్పుకోవాల్సినవన్నీ దానితోనే చెప్పుకునేదాన్ని.

ఆ ఎండల్లోనే అది ఈనింది. గుట్ట మీద గడ్డిపరక లేదు. ఎండు జొన్నచొప్ప ఎంత నమిలినా దానికి పాలు పడలేదు. పిల్ల లేచి నిలబడలేకపోయేది. "తల్లీ పిల్లా రెండూ సచ్చేలోగా సంతకు తోలేస్తా" అన్నాడు చిన్నాయన.

ఊరి చివర, వంక గట్టున ఒక అవ్వ ఒంటరిగా ఉండేది. ఏడుస్తూ మేకను తోలుకుపోతున్న నన్ను పిలిచి, దాని పొదుగు తడిమి చూసింది.

"ఉత్త సొప్ప మేస్తే పాలు యాడ్నుంచి వస్తాయి పాపా? మనకు పప్పు ఎట్లనో, దానికి తుమ్మాకు అట్ల."

పొడుగాటి కట్టెకు కొడవలి కట్టి, గట్టు మీది నల్లతుమ్మ కొమ్మలు కోసింది. చెట్టు మళ్లీ ఎదగాలని చిటారు చిగుళ్లను ముట్టుకోలేదు. కొమ్మలను గోనెపట్టా మీద పొద్దు వాలేదాకా ఎండలో ఆరేసి కట్టెతో కొడితే, ముళ్లు కొమ్మకే ఉండిపోయి ఆకు మాత్రం జలజలా రాలింది. నా ఒడి నిండా పోసి, "సొప్పలో కలిపి పెట్టు. రేపు మళ్లా రా" అంది.

రోజూ వెళ్లాను. రోజూ ఒక ఒడి ఆకే. పది పన్నెండు రోజులకు పొదుగు నిండింది, పిల్ల గెంతడం మొదలుపెట్టింది. చిన్నాయన సంత మాట మళ్లీ ఎత్తలేదు.

ఒకరోజు కొడవలి కోసం అవ్వ గుడిసెలోకి వెళ్తే, గోడ వారగా మూడు గోతాల ఎండు తుమ్మాకు కనిపించింది. నాకు ఒళ్లు మండింది.

"ఇంత పెట్టుకోని నన్ను దినామూ ఈ ఎండలో తిప్పుతాండావా అవ్వా?"

అవ్వ తల వంచుకుని, "అంతా ఒకేసారి ఇచ్చేస్తే రేపు నువ్వెందుకొస్తావు పాపా?" అంది.

నేను అవ్వ పక్కన కూర్చున్నాను. అమ్మ పోయాక మొదటిసారి, అమ్మ గురించి ఒక మనిషికి చెప్పాను. అవ్వ నా వీపు నిమురుతూ అంతా విన్నది. ఆ తర్వాత వానలు పడి గుట్టంతా పచ్చబడినా, ఆకుతో పని లేకపోయినా, నాయన వచ్చి నన్ను తీసుకెళ్లేదాకా నేను అవ్వ దగ్గరికి వెళ్తూనే ఉన్నాను.

ఇప్పుడు నాకు అవ్వ వయసు వచ్చింది. ఎవరైనా అగ్గిపెట్టెకనో, పిడికెడు ఉప్పుకనో పదే పదే నా గడప తొక్కితే విసుక్కోను. చాప పరుస్తాను. వాళ్లు వచ్చింది ఉప్పు కోసమేనా అని మాత్రం అడగను.